బేస్‌బాల్ హోమ్ ఓపెనర్ టికెట్: ఏ ఆటకి, ఏ సీటు, ఎక్కడ కొనాలి

అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో ఒక టీమ్ సొంత గ్రౌండ్‌లో ఆడే సీజన్ మొదటి ఆటని హోమ్ ఓపెనర్ అంటారు. ఆ టికెట్ ధరలో పెద్ద వాటా మొదటి బంతి పడేలోపే ఖర్చయిపోతుంది. రెండు టీమ్‌ల ఆటగాళ్లనీ కోచ్‌లనీ పేరుపేరునా పిలిచి బేస్ లైన్ల వెంట నిలబెడతారు. అవుట్‌ఫీల్డ్‌ని (బేస్‌ల అవతలి పచ్చికని) కప్పేసేంత జెండా విప్పుతారు. కొన్ని ఊళ్లలో యుద్ధ విమానాలు నెత్తి మీదుగా వెళ్తాయి. రిటైరైన పెద్ద ఆటగాడెవరో వచ్చి లాంఛనంగా తొలి బంతి విసురుతాడు. ఇదంతా అరగంట, మహా అయితే ముప్పావుగంట. ఆ తర్వాత జరిగేది టీమ్ ఆడే 162 ఆటల్లో ఒక ఆట, సొంత గ్రౌండ్‌లో ఆడే 81లో ఒకటి. అదే ప్రత్యర్థితో రెండో ఆట ఒకట్రెండు రోజుల్లోనే అక్కడే ఉంటుంది. దాని టికెట్ తరచూ ఓపెనర్ ధరలో సగానికే, ఒక్కోసారి అంతకన్నా తక్కువకే దొరుకుతుంది.

కాబట్టి ఏ సెక్షన్, ఏ యాప్ అని వెతికే ముందు ఇంట్లో ఒక మాట తేల్చుకోండి: కావలసింది ఆ వేడుకా, లేక బేస్‌బాలా? వేడుక కావాలంటే ఓపెనరే కొనాలి, దానికి వేరే దారి లేదు. ఆట చాలనుకుంటే రెండో ఆట కొనడమే తెలివైన పని. 2025లో న్యూయార్క్ యాంకీస్ ఓపెనర్ మార్చి 27న, మిల్వాకీ బ్రూవర్స్‌తో. రెండో ఆట 29న. ఆ రెండో ఆటలో యాంకీస్ మొదటి ఇన్నింగ్స్‌లో ఎదుర్కొన్న మొదటి మూడు బంతులూ హోమ్ రన్‌లే, అంటే కంచె దాటిన కొట్టుళ్లే. గోల్డ్‌ష్మిట్, బెలింజర్, జడ్జ్ వరసగా కొట్టారు. ఆట ముగిసేసరికి మొత్తం 9 హోమ్ రన్‌లు, అది ఆ టీమ్ రికార్డు. స్కోరు 20-9. చవక టికెట్ కొన్నవాళ్లకే ఆ రోజు పంట పండింది. ప్రతిసారీ ఇలా జరుగుతుందని కాదు, ఓపెనర్‌లో ఆట కూడా గొప్పగా ఉంటుందన్న హామీ ఏమీ లేదని చెప్పడానికే ఇది.

ఛాంపియన్ టీమ్ ఊళ్లో అయితే ఇంకో మెలిక ఉంది. కిందటేడు వరల్డ్ సిరీస్ (లీగ్ ఫైనల్) గెలిచినందుకు ఉంగరాలు ఇచ్చే కార్యక్రమం ఓపెనర్ రోజునే ఉంటుందని చాలామంది అనుకుంటారు. లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ 2025లో ఓపెనర్‌ని మార్చి 27న ఆడి, ఉంగరాల వేడుక 28న పెట్టుకున్నారు. అంటే రెండో ఆట టికెట్‌తోనే ఉంగరాల వేడుక చూడొచ్చు. టీమ్ సైట్‌లో 'ప్రమోషన్స్' పేజీ చూస్తే ఏ రోజు ఏముందో, ఏ బొమ్మ పంచుతున్నారో తేదీలవారీగా ఉంటుంది. ఓపెనర్‌కి ఫ్రీగా ఇచ్చేది ఎక్కువసార్లు ఫ్రిజ్‌కి అంటించుకునే షెడ్యూల్ మ్యాగ్నెట్టే.

ఓపెనింగ్ డే వేరు, హోమ్ ఓపెనర్ వేరు

మేజర్ లీగ్‌లో 30 టీమ్‌లు. సీజన్ మొదలైన రోజు సగం టీమ్‌లు బయటి ఊళ్లలో ఆడతాయి, వాటి హోమ్ ఓపెనర్ వారం తర్వాత రావచ్చు. 2025లో షికాగో కబ్స్ మార్చి 18, 19 తేదీల్లో టోక్యోలో డాడ్జర్స్‌తో ఆడారు. సీజన్ అందరికీ మొదలైన మార్చి 27న వాళ్లు అరిజోనాలో ఉన్నారు. వాళ్ల సొంత గ్రౌండ్ రిగ్లీ ఫీల్డ్‌లో మొదటి ఆట ఏప్రిల్ 4న. ఒకరు కొన్న టికెట్లని మళ్లీ అమ్మే రీసేల్ సైట్లలో 'ఓపెనింగ్ డే' అని వెతికితే రెండూ కలిసిపోయి వస్తాయి. గ్రౌండ్ పేరు, తేదీ చూసి కొనండి.

ఈ తేడా బంతి విసిరే పిచర్ల విషయంలో బాగా తెలుస్తుంది. టీమ్‌లో అందరికన్నా మంచి స్టార్టింగ్ పిచర్ (ఆట మొదలుపెట్టే పిచర్) సీజన్ మొదటి ఆటలో వేస్తాడు. ఐదుగురు వంతులవారీగా వేస్తారు కాబట్టి అతని వంతు మళ్లీ ఆరో ఆటకి వస్తుంది. మీ హోమ్ ఓపెనర్ సీజన్‌లో ఆరో ఆట అయితే అతన్ని చూసే అవకాశం ఉంది. ఏడో ఆట అయితే రెండోవాడు, ఎనిమిదో ఆట అయితే మూడోవాడు. మధ్యలో సెలవు రోజులుంటే ఒక స్థానం అటూఇటూ జరుగుతుంది. షెడ్యూల్ ముందు పెట్టుకుని వేళ్ల మీద లెక్కేస్తే చాలు. ఎవరినో చూడాలని అదనంగా వంద డాలర్లు పోసే ముందు ఆ లెక్క చేయండి.

సిన్సినాటి రెడ్స్‌ది మాత్రం వేరే కథ. సంప్రదాయం ప్రకారం వాళ్లు దాదాపు ప్రతి సీజన్నీ సొంత ఊళ్లోనే మొదలుపెడతారు. ఆ రోజు ఫిండ్లే మార్కెట్ వాళ్ల ఊరేగింపు ఉంటుంది, 1920 నుంచీ వస్తున్న ఆనవాయితీ. రోడ్డు పక్కన నిలబడి చూడటానికి టికెట్ అక్కర్లేదు. ఒహాయోలో ఉండి, పిల్లలకి ఆ సందడి చూపిస్తే చాలనుకునేవాళ్లకి ఇంతకన్నా మంచి బేరం ఇంకోటి లేదు.

కప్పున్న స్టేడియమా, లేనిదా

ఏప్రిల్ మొదటి వారంలో ఇదే అన్నిటికన్నా పెద్ద తేడా. తెరిచి మూసే కప్పు ఉన్నవి ఏడు: టెక్సస్‌లో ఆర్లింగ్టన్, హ్యూస్టన్, ఆపైన ఫీనిక్స్, మయామి, మిల్వాకీ, టొరంటో, సియాటిల్. వీటిలో సియాటిల్ కప్పు గొడుగులాంటిది. వాన ఆపుతుంది కానీ పక్కలు తెరిచే ఉంటాయి, చలి లోపలికి వస్తుంది. మిల్వాకీలో కప్పు మూసి హీటింగ్ పెడతారు కాబట్టి బయట మంచు పడుతున్నా లోపల పలచటి జాకెట్ సరిపోతుంది.

కప్పున్న చోట రెండు లాభాలు. ఆట వాయిదా పడదు, కాబట్టి వేరే ఊరి నుంచి విమానంలో వచ్చేవాళ్లకి నిశ్చింత. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని మూడు గంటలు కూర్చోబెట్టడానికీ అదే మేలు. నష్టం ఏమిటంటే ధర దిగదు. బోస్టన్, డిట్రాయిట్, షికాగోల్లో ఆట రోజు 40 ఫారన్‌హీట్ అనీ, వాన అనీ ఫోర్‌కాస్ట్ వచ్చిందంటే ముందు రోజు రీసేల్ ధరలు జారిపోతాయి. ఆర్లింగ్టన్‌లో ఆ జారుడు ఉండదు.

కప్పు లేని ఊళ్లలో షెడ్యూల్ వేసేవాళ్లు ఓపెనర్ మర్నాడు తరచూ ఖాళీ ఉంచుతారు. వాన పడితే ఆట ఆ రోజుకి జరపడానికి. 2025లో యాంకీస్‌కి 27న ఆట, 28 ఖాళీ, 29న ఆట అయింది ఇందుకే. ఆట వాయిదా పడితే మీ టికెట్ కొత్త తేదీకి దానంతటదే చెల్లుతుంది, డబ్బు వెనక్కి రాదు. రీసేల్‌లో కొన్నా అంతే. ఆట పూర్తిగా రద్దయితేనే రీఫండ్, వాయిదాకి కాదు. తొమ్మిది ఇన్నింగ్స్‌లో ఐదు అయ్యాక వాన వచ్చి ఆపేస్తే అది పూర్తయిన ఆట కిందే లెక్క. హోమ్ టీమ్ ముందుంటే నాలుగున్నర చాలు. అందుకని కప్పు లేని ఊరికి బయటి నుంచి వెళ్తుంటే తిరుగు టికెట్ మర్నాటి రాత్రికి పెట్టుకోండి. ఆఫీసులో కూడా సెలవు ఒక్క రోజుకే కాకుండా మర్నాటి సంగతి కూడా ముందే మాట్లాడి పెట్టుకోవడం మంచిది.

రెండో ఆట చవక అన్నాం కదా, దానికీ ఒక కిటుకుంది. ఓపెనర్ సాధారణంగా మధ్యాహ్నం ఎండలో పెడతారు. రెండో ఆట సాయంత్రం ఆరున్నర తర్వాత అయితే చలి రెట్టింపు. రెండో ఆట కొనేటప్పుడు శని, ఆదివారాల మధ్యాహ్నం ఆటలు ముందు చూడండి. రాత్రి ఆట తప్పనిసరైతే క్లబ్ లెవెల్ సీటు చూడండి. దాని వెనక హీటింగ్ ఉన్న లాంజ్ ఉంటుంది. రెండో ఆట క్లబ్ సీటు, ఓపెనర్ పై డెక్ సీటు దాదాపు ఒకే ధరకి దొరకడం వింతేమీ కాదు. అలా దొరికితే క్లబ్ వైపే మొగ్గండి.

సీటు

ఎండ సంగతి ముందు. బేస్‌బాల్ రూల్ పుస్తకం బ్యాటర్ నిలబడే హోమ్ ప్లేట్ నుంచి పిచర్ మీదుగా సెకండ్ బేస్‌కి గీసిన గీత తూర్పు-ఈశాన్యం వైపు ఉంటే మంచిదంటుంది, బ్యాటర్ కళ్లలో సాయంత్రపు ఎండ పడకుండా. అన్ని స్టేడియాలూ పాటించవు కానీ చాలావాటిలో దిక్కు ఇంచుమించు అదే. దానివల్ల మధ్యాహ్నం దాటాక నీడ ముందు హోమ్ ప్లేట్ వెనక, థర్డ్ బేస్ వైపు (ప్లేట్ వెనక నుంచి చూస్తే ఎడమ పక్క) పడుతుంది. ఫస్ట్ బేస్ వైపు, రైట్ ఫీల్డ్‌లో ఎండ ఉంటుంది. జూలైలో అందరూ థర్డ్ బేస్ వైపు నీడ కోసం ఎగబడతారు. ఏప్రిల్‌లో ఉత్తరాది ఊళ్లలో దీన్ని తిరగేసుకోవాలి, కావలసింది ఎండ. రీసేల్ సైట్లలో 'షేడెడ్' అని గొప్పగా రాసిన సీట్లు ఓపెనర్ రోజున గడ్డకట్టించే సీట్లు. రిగ్లీలో కబ్స్ డగౌట్ (ఆటగాళ్లు కూర్చునే చోటు) థర్డ్ బేస్ వైపే ఉంది. అభిమానంతో అటు కొంటే మూడో ఇన్నింగ్స్‌కల్లా కోటు జిప్పు పైదాకా లాగాల్సి వస్తుంది. యాంకీస్, మెట్స్ డగౌట్‌లు ఫస్ట్ బేస్ వైపు, కాబట్టి న్యూయార్క్‌లో సొంత టీమ్, ఎండ రెండూ ఒక వైపే.

కింది డెక్‌లో వెనక వరసలు పై డెక్ కింద దాగి ఉంటాయి. వాన పడదు, అది మంచిదే. కానీ ఎండా పడదు, ఎత్తుగా లేచిన బంతి కనిపించదు, స్కోర్‌బోర్డు సగం తెగిపోతుంది. పై డెక్ చివరి వరసల్లో గాలి కొడుతుంది, మెట్లు నిటారుగా ఉంటాయి. పై డెక్‌లో ముందు ఐదారు వరసలు, ఇన్‌ఫీల్డ్ మీదికి ఉన్నవి, ఓపెనర్‌కి మా లెక్కలో డబ్బుకి తగ్గ సీట్లు. ఆటగాళ్ల వరసలు, జెండా, విమానాలు అన్నీ ఒక్క చూపులో వస్తాయి. హోమ్ ప్లేట్ వెనక పైన కూర్చుంటే క్రికెట్‌లో కీపర్ వెనక నుంచి చూసినట్టే, బంతి ఎటు తిరిగిందో తెలుస్తుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లుంటే వరస నంబర్ ఒక్కటే చూసి కొనకండి. పై డెక్‌లోకి వచ్చే దారి కొన్ని చోట్ల మధ్య వరసల్లో తెరుచుకుంటుంది. అలాంటిచోట ఒకటో వరసకి దిగడం, మళ్లీ ఎక్కడం. టీమ్ సైట్ మ్యాప్‌లో దారి ఎక్కడుందో చూసి దానికి దగ్గర వరస తీసుకోండి.

అవుట్‌ఫీల్డ్ వెనక ఉండే బ్లీచర్లు (బల్ల సీట్లు) చవక, కుర్రాళ్లకి హుషారు. వేడుక మాత్రం దూరం నుంచి, జెండా వెనక నుంచి చూస్తారు. బాల్టిమోర్ దీనికి మినహాయింపు. అక్కడ ఓరియోల్స్ ఆటగాళ్లు సెంటర్ ఫీల్డ్ నుంచి నారింజ రంగు కార్పెట్ మీద పరుగెత్తుకుంటూ వస్తారు, కాబట్టి అవుట్‌ఫీల్డ్ సీట్లే వేడుకకి దగ్గర. రిగ్లీ బ్లీచర్లలో సీటు నంబర్ ఉండదు, ముందొచ్చినవాళ్లది చోటు, బల్లలకి వీపు ఆనడానికీ ఏమీ ఉండదు. చిన్నపిల్లలతో వద్దు.

పాత స్టేడియాలు రెండిటితో జాగ్రత్త. బోస్టన్‌లో ఫెన్‌వే పార్క్ 1912 నాటిది, రిగ్లీ 1914 నాటిది. రెండిట్లోనూ ఇనప స్తంభాలు చూపుకి అడ్డొస్తాయి. ఫెన్‌వేలో రైట్ ఫీల్డ్ వైపు గ్రాండ్‌స్టాండ్ సీట్లు హోమ్ ప్లేట్ వైపు తిరిగి ఉండవు, ఆటంతా మెడ పక్కకి తిప్పి చూడాలి, కాళ్లకీ చోటు తక్కువ. టీమ్ సైట్‌లో 'అబ్‌స్ట్రక్టెడ్ వ్యూ' అని ముద్ర ఉంటుంది. రీసేల్‌లో అమ్మేవాడు అది రాయకపోవచ్చు. పక్క సీట్లకన్నా ఒకటి బాగా చవగ్గా కనిపించిందంటే కారణం తొంభైపాళ్లు స్తంభమే. సెక్షన్, వరస, సీటు నంబర్ పట్టుకుని టీమ్ మ్యాప్‌లో సరిచూసుకున్నాకే కొనండి.

బంతి దెబ్బ గురించి భయపడేవాళ్లకి: 2020 నాటికి 30 టీమ్‌లూ రక్షణ వల డగౌట్‌లు దాటి పొడిగించాయి. పిల్లలుంటే ఆ వల వెనకే ఉండేలా చూసుకోండి.

ఎక్కడ కొనాలి

టీమ్ సైట్ మొదటి దారి. శీతాకాలంలో, సాధారణంగా నవంబర్ నుంచి ఫిబ్రవరి మధ్య, ఒక్కో టీమ్ ఒక్కో తేదీన విడి ఆటల టికెట్లు వదులుతుంది. అంతకు ఒకట్రెండు రోజుల ముందు న్యూస్‌లెటర్‌కి ఈమెయిల్ ఇచ్చినవాళ్లకి ప్రీసేల్ కోడ్ వస్తుంది. ఉచితమే, ఇప్పుడే ఈమెయిల్ ఇచ్చి పెట్టండి. అమ్మకం రోజు పావుగంట ముందు లాగిన్ అయి, కార్డు వివరాలు ముందే దాచి, వెయిటింగ్ పేజీలో ఉండండి. చాలాచోట్ల గంట కొట్టే సమయానికి ఆ పేజీలో ఉన్నవాళ్లకి లాటరీ పద్ధతిలో వరస నంబర్ ఇస్తారు, ఆలస్యంగా వచ్చినవాళ్లు వాళ్ల వెనక చేరతారు. పేజీని రీఫ్రెష్ చేయొద్దు, ఒకే అకౌంట్‌తో నాలుగు ట్యాబ్‌లు తెరవొద్దు, ఉన్న వరస పోయే ప్రమాదం ఉంది. కార్ట్‌లో టికెట్లు పడ్డాక కొద్ది నిమిషాలే గడువు. నాలుగు సీట్లు పక్కపక్కన దొరకకపోతే రెండు, రెండుగా ముందూ వెనకా వరసల్లో చూడండి.

టీమ్ ధర అంటే మారని ధర అనుకోవద్దు. శాన్ ఫ్రాన్సిస్కో జెయింట్స్ 2010లో స్టేడియం మొత్తానికీ గిరాకీని బట్టి మారే ధరలు తెచ్చారు, తర్వాత మిగతావాళ్లూ అదే దారి పట్టారు. ఓపెనర్‌కి టీమ్ అడిగేది ఒక్కోసారి రీసేల్‌కన్నా ఎక్కువే ఉంటుంది. టీమ్‌దే అసలు ధర అని కళ్లు మూసుకుని కొనేయకండి.

రీసేల్‌కి సీట్‌గీక్, స్టబ్‌హబ్, వివిడ్ సీట్స్, టిక్‌పిక్, గేమ్‌టైమ్ ఉన్నాయి. 2023 నుంచి లీగ్ అధికారిక మార్కెట్ సీట్‌గీక్, అంతకుముందు స్టబ్‌హబ్. 2025 మే 12 నుంచి అమెరికాలో వినియోగదారుల్ని కాపాడే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీ నిబంధన ప్రకారం తప్పనిసరి ఫీజులన్నీ కలిపిన ధరనే మొదటి నుంచీ చూపించాలి. ఇంతకుముందు 80 అని చూపించి చివర 108 చేసే ఆట ఇప్పుడు చెల్లదు. పన్నుల్లాంటివి మాత్రం చివర కలవచ్చు. కాబట్టి ఒకే సెక్షన్, ఒకే వరస చుట్టుపక్కల మూడు యాప్‌లలో ధర పోల్చడం ఐదు నిమిషాల పని. ఒకే సీటుని అమ్మేవాళ్లు రెండు మూడు చోట్ల పెడతారు, ధర ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది.

రీసేల్‌లో అసలు చిక్కు చేతిలో లేని టికెట్లు అమ్మడం. టీమ్ అమ్మకం ఇంకా మొదలు కాకముందే లిస్టింగ్ కనిపిస్తే, వరస నంబర్ లేకపోతే, 'ఆట రోజుకి అందుతుంది' అని మాత్రమే ఉంటే, అమ్మేవాడు తర్వాత కొని మీకిద్దామని చూస్తున్నాడని అర్థం. ధర పెరిగితే చేతులెత్తేస్తాడు. సైట్ డబ్బు వెనక్కిస్తుంది కానీ ఆ రోజుకి సీటు ఉండదు. 'ఇన్‌స్టంట్ డెలివరీ' అని ఉన్నవే తీసుకోండి.

ఇరవై ఆటల ప్యాకేజీ లాంటివి కొంటే ఓపెనర్ అందులో వస్తుందా లేదా అన్నది ముందు చదవండి. నెలవారీ పాస్‌లలో ఓపెనర్‌ని చాలాసార్లు మినహాయిస్తారు. ప్యాకేజీలో ఏప్రిల్, మే నెలల మంగళ, బుధవారం రాత్రి ఆటలు ఎన్నున్నాయో లెక్కపెట్టండి, వాటిని తర్వాత అమ్ముకోవడం కష్టం. నాలుగు కుటుంబాలు కలిసి ఒక ప్యాకేజీ పంచుకుంటే గిట్టుబాటు అవుతుంది. ఓపెనర్ ఎవరికన్నది మాత్రం డబ్బు కట్టకముందే చీటీలు వేసి తేల్చుకోండి. తర్వాతైతే స్నేహాలు చెడతాయి.

స్టేడియం కౌంటర్‌లో కొంటే చాలా టీమ్‌ల దగ్గర ఆన్‌లైన్ ఫీజు ఉండదు. ఓపెనర్ టికెట్లు అక్కడ మిగలడం అరుదు, నిలబడి చూసే టికెట్లు ఉండొచ్చు. ఇద్దరు కుర్రాళ్లకి అవి బాగానే ఉంటాయి.

ముందు కొనాలా, ఆగాలా

ఇది మీరెంతమంది అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఇద్దరైతే ఆగండి. ఆట ముందు రోజు, ఆట రోజు ఉదయం రీసేల్‌లో జంట సీట్లు ఎన్నో ఉంటాయి, అమ్మేవాళ్లు ధర దించుతూ పోతారు, వాతావరణం బాగా లేకపోతే మరీ. ఒక్కరే వెళ్తే ఇంకా మేలు, మిగిలిపోయిన ఒంటరి సీటు ముందు వరసల్లో కూడా చవగ్గా వస్తుంది. నలుగురైదుగురు కలిసి కూర్చోవాలంటే ఆగొద్దు. చివర్లో పక్కపక్క నాలుగు సీట్లు దొరకవు, దొరికినా అమ్మేవాడికి ఆ సంగతి తెలుసు. ఛాంపియన్ టీమ్, లేదా వాకిట్లో ఎండ కాస్తున్న శుక్రవారం ఆట అయితే ఇద్దరికైనా ఆగడం జూదమే.

ఫోన్‌లో టికెట్

టికెట్లు సాధారణంగా ఎంఎల్‌బీ (మేజర్ లీగ్ బేస్‌బాల్) బాల్‌పార్క్ యాప్‌లో ఉంటాయి. గేటు దగ్గర ఎక్కువగా జరిగే గొడవ ఈమెయిల్ తేడా. టికెట్ ఒక ఈమెయిల్‌కి వచ్చి ఉంటుంది, యాప్‌లో లాగిన్ ఇంకో ఈమెయిల్‌తో ఉంటుంది. ఐఫోన్‌లో 'హైడ్ మై ఈమెయిల్' నొక్కి అకౌంట్ తెరిచినవాళ్లకి ఇది తప్పదు. కొనేటప్పుడే రెండూ ఒకటేనా చూసుకోండి. టికెట్ రాగానే ఇంట్లోనే ఫోన్ వాలెట్‌లోకి చేర్చండి. నలభై వేలమంది ఒకేసారి చేరిన చోట నెట్ నడవదు. స్క్రీన్‌షాట్‌ని నమ్ముకోకండి, చాలా గేట్లలో ఒప్పుకోరు. అందరి టికెట్లూ ఒకే ఫోన్‌లో ఉంటే ఒకరు పార్కింగ్‌లో ఆలస్యమైనా అందరూ బయటే నిలబడాలి, ఎవరిది వాళ్లకి ముందే పంపేయండి.

వాట్సాప్ గ్రూపుల్లో 'రెండు ఓపెనర్ టికెట్లున్నాయి, కావాలా' అన్న మెసేజ్‌లు మార్చి నెలంతా తిరుగుతాయి. తెలిసినవాళ్ల దగ్గరైతే ఫీజులేవీ లేకుండా ఇద్దరికీ లాభమే. పద్ధతి ఒకటే: అతను యాప్‌లోంచి మీ ఈమెయిల్‌కి టికెట్ పంపాలి, మీరు 'యాక్సెప్ట్' నొక్కాలి, మీ యాప్‌లో సెక్షన్, వరస కనిపించాలి, అప్పుడు జెల్ (బ్యాంకు ఖాతా నుంచి ఖాతాకి డబ్బు పంపే Zelle) లో డబ్బు. పంపిన టికెట్‌ని మీరు తీసుకునేదాకా అతను వెనక్కి లాక్కోగలడు. అందుకే 'పంపేశాను, చూసుకో' అన్న మాట మీద డబ్బు వేయొద్దు. ముక్కూమొహం తెలియని మనిషికైతే జెల్ అసలే వద్దు, వెళ్లిన డబ్బు రాదు. క్రెడిట్ కార్డు తీసుకునే సైట్లోనే కొనండి.

ఆ రోజు

గేట్లు మామూలు ఆటకన్నా ముందే తెరుస్తారు, చాలాచోట్ల రెండు గంటల ముందు. ఒంటిగంట ఆటకి వేడుక పన్నెండున్నర లోపే మొదలవుతుంది. పన్నెండున్నరకి పార్కింగ్ వెతుకుతున్నారంటే దేనికోసం అదనంగా కట్టారో అది పోయినట్టే. పదకొండున్నరకల్లా లోపల ఉండేలా చూసుకోండి. పిచర్ బంతి వేయడానికి గడువు పెట్టే పిచ్ క్లాక్ వచ్చిన 2023 నుంచి తొమ్మిది ఇన్నింగ్స్ ఆట సగటున 2 గంటల 40 నిమిషాలకి దిగింది, కాబట్టి నాలుగున్నరకి బయటపడతారు, పిల్లల్ని డే కేర్ నుంచి తెచ్చుకునే లెక్క వేసుకోవచ్చు.

పార్కింగ్ టికెట్‌తోపాటే కొనేయండి, ఓపెనర్‌కి దగ్గర లాట్‌లు ముందే అయిపోతాయి. ఆర్లింగ్టన్‌కి రైలు లేదు, కారు తప్పదు. రైలు ఉన్నచోట్ల రైలే హాయి. రిగ్లీకి రెడ్ లైన్‌లో ఆడిసన్ స్టేషన్, ఫెన్‌వేకి గ్రీన్ లైన్‌లో కెన్మోర్, మెట్స్ ఆడే సిటీ ఫీల్డ్‌కి 7 నంబర్ రైలు, యాంకీ స్టేడియంకి 4 లేదా డి రైలు, శాన్ ఫ్రాన్సిస్కోలో ఒరాకిల్ పార్క్‌కి కాల్‌ట్రైన్ చివరి స్టేషన్ నుంచి నడక. న్యూజెర్సీలోని ఎడిసన్ వైపు నుంచి వచ్చేవాళ్లు పెన్ స్టేషన్‌లో దిగి హెరాల్డ్ స్క్వేర్ దాకా నడిచి డి రైలు పట్టుకుంటే ఒకే రైలు.

బ్యాగు చాలా స్టేడియాల్లో 16 బై 16 బై 8 అంగుళాలు మించకూడదు. కొన్నిచోట్ల బ్యాక్‌ప్యాక్ నిషేధం, కొన్నిచోట్ల పారదర్శకమైనదే కావాలి. డైపర్ బ్యాగుకి, మందుల బ్యాగుకి మినహాయింపు ఉంటుంది. బయటి తిండి, సీలు తీయని నీళ్ల సీసా చాలా స్టేడియాలు రానిస్తాయి. శాకాహారులకి లోపల దొరికేవి తక్కువ, ధర ఎక్కువ. జిప్ బ్యాగులో తలా ఒక పొట్లం పులిహోర పట్టుకెళ్లడంలో సిగ్గుపడాల్సిందేమీ లేదు. గట్టి డబ్బాలు, స్టీలు బాక్సులు మాత్రం గేటు దగ్గర ఆగిపోతాయి. చలి ఊళ్లలో బల్ల మీద పరుచుకోవడానికి దుప్పటి ఒకటి ఎక్కువ తీసుకెళ్లండి, కింద నుంచి వచ్చే చలే ముందు లేపేస్తుంది.

ఐదేళ్లలోపు పిల్లలుంటే

మేజర్ లీగ్ ఓపెనర్ వద్దనే మా సలహా. వాళ్లు నాలుగో ఇన్నింగ్స్‌కి ఇంటికి పోదామంటారు. మైనర్ లీగ్ ఓపెనర్ చూడండి, అంటే మేజర్ లీగ్ టీమ్‌ల కింది స్థాయి టీమ్‌ల ఆట; అందులో పై మెట్టు ట్రిపుల్-ఏ, దాని కిందది డబుల్-ఏ. మనవాళ్లు ఎక్కువగా ఉండే ఊళ్ల పక్కనే ఇవి ఉన్నాయి. టెక్సస్ ఫ్రిస్కోలో రేంజర్స్‌కి డబుల్-ఏ టీమ్ రఫ్‌రైడర్స్, స్టేడియం లోపలే నీళ్లలో తేలే లేజీ రివర్ ఉంది. హ్యూస్టన్ పక్కన షుగర్ ల్యాండ్‌లో ఆస్ట్రోస్ ట్రిపుల్-ఏ టీమ్ స్పేస్ కౌబాయ్స్. న్యూజెర్సీ బ్రిడ్జ్‌వాటర్‌లో యాంకీస్ డబుల్-ఏ టీమ్ సోమర్సెట్ పేట్రియాట్స్, ఎడిసన్ నుంచి అరగంట. అట్లాంటా ఉత్తరాన బ్రేవ్స్ ట్రిపుల్-ఏ టీమ్ గ్విన్నెట్ స్ట్రైపర్స్. ట్రిపుల్-ఏ మార్చి చివర్లో, డబుల్-ఏ ఏప్రిల్ మొదట్లో మొదలవుతాయి. వేడుక చిన్నది, ఆటగాళ్లు మాత్రం సంతకానికి అందేంత దగ్గర. రీసేల్ తలనొప్పి దాదాపు ఉండదు, టీమ్ సైట్లోనే కొనండి, డగౌట్ వెనక మంచి సీటుకి కూడా మేజర్ లీగ్ పై డెక్ ధర కాదు. శుక్రవారం ఆట చూసుకుంటే బాణసంచా కూడా ఉండే అవకాశం ఎక్కువ.